వెనక నుంచి ఈల

మొదటి మెమో చేతికిచ్చిన రోజు నేను నవ్వాను. నవ్వక ఏం చేయను, మీరే చెప్పండి. కాగితం మీద టైపు కొట్టించి మరీ రాశారు: "పై అధికారి ఆదేశాలను పెడచెవిన పెట్టుట." పెడచెవిన పెట్టాలంటే ముందు ఏదో ఒక చెవి పనిచేయాలి కదా. నాకు తొమ్మిదో ఏట జ్వరం వచ్చి, ఇరవై రోజులు మంచాన పడి లేచేసరికి రెండూ పోయాయి. అదేమీ దాచిన సంగతి కాదు. కంపెనీ ఫైల్లో డాక్టరు సర్టిఫికెట్టు ఉంది. అది చూసే నన్ను పనిలోకి తీసుకున్నారు. అయినా సంతకం పెట్టమన్నారు, పెట్టాను. మూడు మెమోలు పడితే ఉద్యోగం ఊడుతుందని అడుగున చిన్న అక్షరాల్లో ఉందట. ఇంటికెళ్ళాక మా పిల్ల చదివి చూపించింది. అప్పుడు నవ్వు పోయింది.

మాది మరమగ్గాల షెడ్డు. ఒకే రేకుల కప్పు కింద వంద మగ్గాలు. మనిషికి నాలుగు చొప్పున పాతికమందిమి నడుపుతాం. కొత్తగా లోపలికొచ్చినవాళ్ళు రెండు చేతులతో చెవులు మూసుకుని గుమ్మంలోనే నిలబడిపోతారు. ఆ మోత ఎలా ఉంటుందో నాకు తెలియదు. అరికాళ్ళలో మొదలై మోకాళ్ళ మీదుగా పళ్ళ దాకా వచ్చే అదురు మాత్రం తెలుసు. పక్కనే నిలబడి గొంతు చించుకుని అరిచినా ఆ మోతలో వినపడదట. అందుకని మా షెడ్డులో ఎవరూ గొంతుతో మాట్లాడరు, పెదాలతో మాట్లాడతారు. మాటని నోట్లో నిదానంగా ఆడిస్తే, అవతలి మనిషి మూడు మగ్గాల దూరం నుంచి చూసి అర్థం చేసుకుంటుంది. కొత్తవాళ్ళకి అది పట్టుబడ్డానికి ఆరు నెలలు పడుతుంది. నేను మొదటి రోజే మాట్లాడేశాను. పన్నెండుమంది ఆడపిల్లలకి నేనే నేర్పాను. ఎవరి కాపురం ఎలా ఉందో, ఎవరి అత్త ఏమందో, ఎవరి మొగుడు ఎక్కడ తిరుగుతున్నాడో, అన్నీ నాకు అందరికన్నా ముందే తెలిసేవి. ఆ షెడ్డులో అందరూ చెవిటివాళ్ళే. వాళ్ళకి కొత్త, నాకు పాత, అంతే తేడా.

ఇంట్లో అలా కాదు. మా ఆయన మంచివాడే, కాదనను. కానీ మొహం కడుక్కుంటూ మాట్లాడతాడు, చొక్కా తల మీంచి తొడుక్కుంటూ మాట్లాడతాడు. చుట్టాలొస్తే అందరూ ఒక్కసారి నవ్వుతారు. ఎందుకని అడిగితే తర్వాత చెప్తామంటారు, ఆ తర్వాత ఎప్పటికీ రాదు. ఇంట్లో నేను టీ గ్లాసులు అందించే మనిషిని. షెడ్డులో నాలుగు మగ్గాల మనిషిని. జీతం సంగతి సరే, అది అందరికీ కావాలి. నాకు ఆ షెడ్డు కావాలి. ఆ ఒక్క చోటే నేను మనుషుల్లో ఉంటాను.

నన్ను అక్కడ చేర్చింది మా వదిన, మా ఆయనకి అక్క. నా ఎదురు వరసలో నడుపుతుంది. మా పాత మేస్త్రీ ముసలాయన. ఏదన్నా చెప్పాలంటే నా ముందుకొచ్చి నిలబడి, మీసాలు పక్కకి తోసుకుని, పెదాలు కనపడేలా చెప్పేవాడు. ఆ మీసం తోసుకోవడం చూస్తే వదినకి నవ్వాగేది కాదు. ఆయన రిటైరయ్యాక ఈయన వచ్చాడు. సూపర్‌వైజరు. ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు పెన్నులు.

ఇక్కడ నా తప్పు ఒకటుంది, అది కూడా చెప్పేస్తాను. ఆయన వచ్చిన రెండో రోజు నా వెనక నిలబడి ఏదో చెప్పడం మొదలుపెట్టాడు. మగ్గం కింద దుమ్ము తుడవలేదనో ఏమో. నేను తెగిన పోగు ముడేస్తున్నాను. ఆయన నడుం మీద ఒక చెయ్యి పెట్టుకుని, రెండో చేతి వేలు ఆడిస్తూ, ఐదు నిమిషాలు నా వీపుకి చీవాట్లు పెట్టాడు. షెడ్డంతా చూస్తోంది. చివరికి వదిన నాకు ఎదురుగా నిలబడి, నీ వెనక ఎవరో కచేరీ చేస్తున్నారు, వెళ్ళి చప్పట్లు కొట్టమని పెదాలాడించింది. తిరిగి చూసి ఉలిక్కిపడ్డాను. పాతికమందీ పగలబడి నవ్వారు. అందరికన్నా ఎక్కువ నేనే నవ్వాను. ఎవరో ఆయనకి సైగ చేసి నా చెవులు చూపించారు. ఆయన మెడ దగ్గర మొదలైన ఎరుపు నుదుటి దాకా పాకింది. అప్పుడే నోరు మూసుకుని తలొంచుకుని ఉంటే బాగుండేదని తర్వాత ఎన్నిసార్లు అనుకున్నానో. కానీ ఒట్టు, ఆ మొహం మీరు చూసినా నవ్వేవారు.

తర్వాతి వారం ఆయన మెడలో ఈల వచ్చింది. నల్ల తాడుకి వేలాడే ఉక్కు ఈల. దాని కీచు మగ్గాల మోతని కూడా చీల్చుకుని వినపడుతుందట. ఒక్కసారి ఊదితే అందరూ మగ్గాలు ఆపి ఆయన బల్ల వైపు తిరగాలి. రెండుసార్లు ఊదితే ఆయన వేలెత్తి చూపించిన వరస బల్ల దగ్గరికి పోవాలి. ఎవరు పోకపోతే వాళ్ళ పేరు పుస్తకంలోకి ఎక్కుతుంది. ఆ రోజు నుంచే షెడ్డులో ఆయన పేరు 'ఈల' అయింది. ఈల వస్తున్నాడు, ఈల టీకి పోయాడు, ఈలకి ఇవాళ ఒంట్లో బాలేదు. మేం అలా అనుకుని నవ్వుకున్నాం గానీ, ఆ ఈల ఎవరి కోసం కొన్నాడో నాకు రెండో రోజుకే తెలిసిపోయింది. నేను బల్ల వైపు మొహం పెట్టి ఉన్నంతసేపూ అది ఆయన ఛాతీ మీద ఊగుతూ ఉండేది. నేను వెనక్కి తిరిగి మగ్గం మీదకి వంగితే నోటికి వెళ్ళేదట.

కాగితం మీద రాసుకుని వెళ్ళి ఇచ్చాను. అయ్యా, నాకు చెయ్యి ఊపండి, లేదంటే ముందుకొచ్చి చెప్పండి, పరుగెత్తుకొస్తాను అని. చదివి, మడిచి, పెన్నుల వెనక జేబులో పెట్టుకుని, అందరికీ ఒకటే రూలన్నాడు. అది కూడా తల పక్కకి తిప్పి అన్నాడు, వదిన చెబితే తెలిసింది. మా ఎలక్ట్రీషియను జాలిగుండె మనిషి. నా మగ్గం మీద ఎర్ర బల్బు ఒకటి పెట్టి, స్విచ్చి ఈల బల్ల దగ్గర బిగిస్తానన్నాడు. ఈల ఊదినప్పుడు స్విచ్చి నొక్కితే చాలు, పాత బల్బూ పాత వైరూ ఉన్నాయి, గంట పని. దానికీ ఒప్పుకోలేదు. ఇవాళ దీనికి బల్బంటే రేపు ఇంకొకరు కుర్చీ అడుగుతారన్నాడట. అడిగితే ఏం పోతుందో నాకర్థం కాలేదు.

మొదటి మెమో అప్పుడే పడింది. కొన్నాళ్ళు వదిన నన్ను కాపాడింది. ఈల మోగగానే వేస్టు నూలు ఉండ చేసి నా భుజానికి తగిలేలా విసిరేది. వదిన గురి ఎంత గొప్పదంటే, రెండు మగ్గాల మీదుగా వచ్చి సరిగ్గా ఎడమ భుజం మీద పడేది. నేను వెంటనే మీటలు లాగి బల్ల వైపు తిరిగేదాన్ని. పన్నెండు రోజులు అలా నడిచింది. అందరికన్నా ముందు తిరిగిన రోజులు కూడా ఉన్నాయి. పదమూడో రోజు ఈల ఊదాక నన్ను చూడకుండా వదినని చూశాడు. నడిచే యంత్రాల మధ్య వస్తువులు విసిరినందుకు వదినకి మెమో. వదిన ఇంట్లో ఆమె ఒక్కతే పనికి పోతుంది, వాళ్ళాయన పక్షవాతం వచ్చి మంచంలో ఉన్నారు. ఆ సాయంత్రం బట్టలు మార్చుకునే గదిలో వదిన చెయ్యి తీసుకుని నా నెత్తి మీద పెట్టుకున్నాను. ఇక నుంచి నావైపు చూడొద్దు, ఏం జరిగినా చూడొద్దు, నా మీద ఒట్టు అన్నాను. వదిన వద్దంది, ఏడ్చింది, చివరికి ఒప్పుకుంది. నేనూ నీవైపు చూడను, చూస్తే నువ్వు ఆగలేవన్నాను. పెద్ద త్యాగం చేస్తున్నట్టు అన్నాను ఆ మాట. నా గొయ్యి నేనే తవ్వుకున్నాను.

ఆ తర్వాత నేను పని చేయలేదు, కాపలా కాశాను. పదంకెలు లెక్కపెట్టడం, తల తిప్పడం, ఈల ఛాతీ మీద ఉందా నోట్లో ఉందా చూడ్డం, మళ్ళీ పదంకెలు. పోగు తెగి మగ్గం పిచ్చిగా నేసుకుపోతున్నా చూసుకునేదాన్ని కాదు. మెడ పట్టేసింది, రాత్రి పక్క మీద తల తిప్పలేకపోయేదాన్ని. ఒకరోజు గుడ్డలు తనిఖీ చేసే ఆమె నా తానుని వెలుతురుకి ఎత్తి పట్టి, అందులో బెత్తెడు సందు చూపించింది. పదకొండేళ్ళలో నా గుడ్డలో సందు రాలేదు. నమ్మండి, చెవులు పోయినప్పుడు కూడా నేనంత ఏడవలేదు. చిన్నదాన్ని కాబట్టి అప్పుడు తెలియలేదేమో. ఇప్పుడు తెలిసి ఏడ్చాను, మరుగుదొడ్లో గొళ్ళెం పెట్టుకుని, పమిట నోట్లో కుక్కుకుని.

రెండో మెమో అదే వారంలో. మగ్గం కింద మోకాళ్ళ మీద కూర్చుని పడుగు పోగు దొరకబుచ్చుకుంటున్నాను. లేచేసరికి అందరూ మగ్గాలు ఆపి బల్ల వైపు నిలబడి ఉన్నారు. నావి మాత్రం మిగిలిన మూడూ నడుస్తున్నాయి, వాటి అదురులో మిగతావాళ్ళవి ఆగిన సంగతి నాకు తెలియలేదు. ఈల పుస్తకంలో రాసుకుంటున్నాడు, తలెత్తకుండా.

ఇక లాభం లేదని మేనేజరు దగ్గరికి వెళ్ళాను. మా పిల్లచేత అర్జీ రాయించాను. పదమూడేళ్ళది, అక్షరాలు ముత్యాల్లా రాస్తుంది. అందులో అన్నీ ఉన్నాయి. వినపడదని ఉంది, సర్టిఫికెట్టు ఉంది, బల్బు అడిగినట్టుంది, పదకొండేళ్ళ పని ఉంది. ఆ అర్జీ చేత్తో పట్టుకుని మేనేజరు గదిలోకి వెళ్ళాను. ఆయన చెడ్డమనిషి కాదు. కూర్చోమన్నాడు, నా వైపు తిరిగే మాట్లాడాడు. సూపర్‌వైజరు అంతా చెప్పాడన్నాడు. ఈల అంటే ఉత్త ఈల కాదు, రేపు షెడ్డులో నిప్పు అంటుకుంటే అదే దిక్కు, అది తెలియని మనిషిని మగ్గాల మధ్య ఎలా ఉంచమంటావని అడిగాడు. నీకు ఈల తెలియదంటే చెప్పు, ప్యాకింగు గదిలో వేస్తాను, అక్కడ హాయిగా కూర్చుని చేసుకోవచ్చు అన్నాడు.

ప్యాకింగు గది నేను చూశాను. మోత లేని గది. పదిమంది ఆడవాళ్ళు గుండ్రంగా కూర్చుని, తలలు వంచి గుడ్డలు మడతపెడుతూ, పొద్దుట్నుంచి సాయంత్రం దాకా కబుర్లు చెప్పుకుంటారు. ఒకరి మొహం ఒకరు చూసుకోరు, చూసుకోవాల్సిన పని వాళ్ళకి లేదు. అక్కడ నేను ఇంకో ఇరవయ్యేళ్ళు టీ గ్లాసుల మనిషినే. చేతిలో అర్జీ ఉంది. అది ఆయన బల్ల మీద పెడితే చాలు. పెట్టలేదు.

"నాకు ఈల తెలుస్తుంది సారూ," అన్నాను.

ఆయన నావైపు ఆశ్చర్యంగా చూశాడు. ఎలా తెలుస్తుందని అడిగాడు. తెలుస్తుందండీ, ఒంటికి తెలుస్తుంది, ఆ రెండుసార్లూ పనిలో పడి చూసుకోలేదు అన్నాను. ఎంత ధైర్యంగా అబద్ధం ఆడానో నాకే తెలియదు. అయితే సరే, శుక్రవారం నేనే వచ్చి నిలబడతాను, ఈల ఊదగానే నువ్వు మగ్గాలాపి బల్ల దగ్గరికి వస్తే ఆ రెండు మెమోలూ చించేస్తాను, ఇక ఎవరూ నీ జోలికి రారన్నాడు. రాకపోతే ఏమిటో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. బయటికొచ్చి అర్జీని నాలుగు మడతలు పెట్టి రవికలో దోపుకున్నాను.

నాలుగు రోజుల గడువు. మా పిల్ల బడిలో ఆటల టీచరు దగ్గర ఈల అడిగి తెచ్చింది. సాయంత్రం మా ఆయన వచ్చేలోపు ఇద్దరం సాధన. నేను గోడకి అరచేతులు ఆనించి, చెప్పుల్లేకుండా నేల మీద నిలబడి, కళ్ళు మూసుకునేదాన్ని. పిల్ల నా వెనక నిలబడి ఊదేది. తెలిసినప్పుడు చెయ్యి ఎత్తాలి. మొదటిరోజు పదింటికి ఒకటి. రెండోరోజు మూడు. మూడోరోజు పదింటికి ఎనిమిదన్నది పిల్ల. నాకు ప్రాణం లేచొచ్చింది. నిజంగానే అరచేతుల్లో ఏదో సన్నగా జిల్లుమంటోందనిపించింది. దాన్ని దగ్గరికి తీసుకుని ముద్దు పెట్టుకున్నాను. మళ్ళీ ఒకసారి చేద్దామన్నాను. ఈసారి ఎందుకో కళ్ళు తెరిచాను. ఎదురుగా బీరువా అద్దంలో పిల్ల కనపడుతోంది. ఈల పెదాల దగ్గర పెట్టుకుని, ఊదకుండా నా చేతినే చూస్తోంది. నేను చెయ్యి ఎత్తాను. అప్పుడు ఊదింది. బుగ్గలు ఉబ్బించి ఊదుతుంటే కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి. నేను కళ్ళు మూసుకుని, అద్దంలో చూసినట్టు దానికి తెలియనివ్వలేదు. ఇంకేం చేయాలో నాకు తోచలేదు. ఇంతమంది పెద్దవాళ్ళం కలిసి ఆ పిల్లని అబద్ధాలకోరుని చేశాం.

శుక్రవారం వచ్చింది. మేనేజరు రెండు చెవుల్లో దూది పెట్టుకుని ఈల బల్ల పక్కన నిలబడ్డాడు, చేతిలో పుస్తకం. నేను ముందే నిశ్చయించుకున్నాను. ఒంటికి తెలియదు, గోడకి తెలియదు, నాకున్నవి కళ్ళే. బల్లకి ఎదురుగా ఉన్న రెండు మగ్గాల దగ్గరే నిలబడ్డాను. వెనకున్న రెండింటివైపు తిరగలేదు. వాటిలో పోగులు తెగుతున్నాయని నాకు తెలుసు, నేలలో అదురు మారితే తెలుస్తుంది. తిరగలేదు. నా కడుపున పుట్టిన పిల్లలు ఏడుస్తుంటే అటు చూడనట్టుంది నాకు. గంట గడిచింది. వదిన నాకు ఎడమ పక్క కంటి చివర కనపడుతోంది. ఒట్టు నిలబెట్టుకుంటూ తలొంచుకుని పని చేసుకుంటోంది. నేనూ అటు చూడలేదు. సూపర్‌వైజరు నోటినే చూశాను. ఆ నోరు, ఆ నల్ల తాడు, ఆ ఉక్కు ముక్క. ఇంకేదీ లేదు నా ప్రపంచంలో.

ఆయన ఈల తీశాడు. పెదాల మధ్య పెట్టుకున్నాడు. బుగ్గలు ఉబ్బాయి, మొహం ఎర్రబడింది, మెడ నరాలు లేచాయి.

ముందువి రెండూ వెనకవి రెండూ, నాలుగు మీటలూ చకచకా లాగేశాను. పరుగెత్తాను. ఆ సందులో అంత వేగంగా ఎప్పుడూ పరుగెత్తలేదు, పమిట మగ్గానికి తగులుకుని చిరిగింది, ఆగలేదు. బల్ల ముందు నిలబడ్డాను. ఆయాసపడుతున్నాను. నవ్వుతున్నాను కూడా. చెప్పడానికి సిగ్గేస్తోంది గానీ, బహుమతి తెచ్చుకున్న బడిపిల్లలా పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతున్నాను.

మేనేజరు నన్ను చూడట్లేదు. నా భుజం మీదుగా షెడ్డువైపు చూస్తున్నాడు. నేనూ తిరిగి చూశాను.

తొంభై ఆరు మగ్గాలూ నడుస్తున్నాయి. ఒక్కరూ ఆపలేదు. ఒక్కరూ బల్ల వైపు తిరగలేదు. అరికాళ్ళ కింద నేల ఎప్పటిలా అదురుతూనే ఉంది. ఆ సంగతి కూడా చూసుకోలేదు నేను. వదిన మాత్రం చేతిలో పోగు వదిలేసి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నన్ను చూస్తోంది. ఆ కళ్ళు చూడగానే అర్థమైంది. ఈల మోగలేదు. ఆయన బుగ్గలు ఉబ్బించాడంతే, ఊపిరి వదల్లేదు. వినగలిగిన వాళ్ళెవరూ కదలరు, కదిలేది నేనొక్కదాన్నే. ఒక్కసారి వదిన వైపు చూసి ఉంటే నాకు తెలిసిపోయేది. పదకొండేళ్ళు ఆమె మొహం చూసి బతికినదాన్ని, ఆ ఒక్క నిమిషం ఒట్టు పేరుతో చూడలేదు.

మేనేజరు నావైపు తిరిగి, విన్నావా అని అడిగాడు. ఇంకా అబద్ధం చెప్పే దారి ఉంది. నా వల్ల కాలేదు.

"నాకు వినపడదు సారూ. తొమ్మిదో ఏటి నుంచి వినపడదు."

ఆయన మొహం చిట్లించాడు. ఒక చెవిలోంచి దూది తీసి, ముందుకి వంగి, ఏంటి, వినపడలేదు, మళ్ళీ చెప్పు అన్నాడు. మళ్ళీ చెప్పాను. తల అడ్డంగా ఊపాడు. మూడోసారి చెప్పాను. ఆ మోతలో నా గొంతు ఆయనకి అందట్లేదు. ఆయన వెనక నిలబడ్డ ఎలక్ట్రీషియనుకి అందింది, పక్క వరసల్లోంచి చూస్తున్న ఆడపిల్లలకి అందింది. వాళ్ళంతా నా పెదాలు చదివి తలలు దించుకున్నారు. ఆయన ఒక్కడికే అందలేదు. ఆయన విసుగ్గా చెయ్యి ఆడించి, ముందు వీటిని ఆపించవయ్యా అని సూపర్‌వైజరుకి చెప్పాడు.

ఈసారి ఈల నిజంగా మోగింది. అన్ని వరసల్లో చేతులు మీటల మీదకి వెళ్ళడం చూశాను. అరికాళ్ళ కింద అదురు సన్నబడి, సన్నబడి, లేకుండా పోయింది. నేల చచ్చిపోయినట్టయింది. ఇదివరకు ఈల మోగినప్పుడు కూడా ఆ షెడ్డుని అంత కదలకుండా నేనెప్పుడూ చూడలేదు. అందరూ నా వైపే చూస్తున్నారు.

నాలుగోసారి చెప్పాను. ఎంత గట్టిగా చెప్పానో నాకు తెలియదు. ముందు వరసలో అమ్మాయి ఉలిక్కిపడింది కాబట్టి అరిచానని అర్థమైంది. అరిస్తే అరిచాను. రవికలోంచి అర్జీ తీసి ఆయన పుస్తకం మీద పెట్టాను. చెమటకి తడిసి అక్షరాలు కొంచెం అలుక్కుపోయాయి. ఒక్క బల్బు అడుగుతున్నాను సారూ, నా నాలుగు మగ్గాలూ నాకుంచండి, ప్యాకింగు గదిలో నేను బతకలేను అన్నాను. కాళ్ళు పట్టుకుంటానని కూడా అన్నాను. నా నోటి వెంట ఆ మాట వస్తుందని నేనెప్పుడూ అనుకోలేదు.

మేనేజరు కాగితం చదివాడు. చదివి సూపర్‌వైజరు వైపు చూశాడు. ఆయన నాకు వీపు పెట్టి నిలబడి, మేనేజరుతో మాట్లాడటం మొదలుపెట్టాడు. భుజాలు కదులుతున్నాయి, చెయ్యి ఒకసారి మగ్గాల వైపు, ఒకసారి నా వైపు తిరుగుతోంది. మేనేజరు మొదట ఏదో అడ్డు చెప్పబోయాడు. తర్వాత విన్నాడు. ఒకసారి తలూపాడు. ఇంకోసారి ఊపాడు. పుస్తకంలో ఏదో రాశాడు.

మగ్గాలు ఆగిపోయాయి కదా, షెడ్డంతటికీ వినపడుతోంది. టీ తెచ్చే ఆమెకి వినపడుతోంది, గుమ్మంలో వాచ్‌మనుకి వినపడుతోంది. నా గురించి ఆయన ఏం చెబుతున్నాడో అక్కడున్న ప్రతివాళ్ళకీ తెలుసు, నాకు తప్ప. వదిన వైపు చూశాను. ఏమంటున్నాడని కళ్ళతో అడిగాను. పదకొండేళ్ళలో ఆమె నాకు చెప్పని మాట లేదు. నా మీద ఎవరన్నా ఏదన్నా అంటే, తిట్టయినా సరే, ఉన్నది ఉన్నట్టు పెదాల మీద పెట్టి ఇచ్చేది. వదిన పెదాలు కదిలాయి, ఆగిపోయాయి. పమిటతో నోరు మూసుకుని పక్కకి తిరిగింది. ఆమెకి మెమో ఉంది, మంచంలో మొగుడున్నాడు. నేనే కదా ఒట్టు పెట్టించుకున్నాను. తెలుసు, అన్నీ తెలుసు. అయినా గుండెలో ఏదో తెగింది.

నేను ఆ వీపు దగ్గరికి వెళ్ళాను. భుజం పట్టుకుని లాగుదామనుకున్నాను, చెయ్యి రాలేదు. నోరు వచ్చింది.

"ఇటు తిరిగి చెప్పు."

సారూ లేదు, అండీ లేదు. ఆయన మాట ఆపేశాడు. నిదానంగా తిరిగాడు. ఈల తాడు పక్కకి జరుపుకున్నాడు. నా ముందుకొచ్చి, వెలుతురు మొహం మీద పడేలా నిలబడి, నా కళ్ళలోకి చూస్తూ, పెదాలు విడదీసి, ఒక్కో మాట దగ్గర ఆగి ఆగి చెప్పాడు.

"రేపటి నుంచి నువ్వు పనిలోకి రానక్కర్లేదు."

ఒక్క అక్షరం పోకుండా అందింది. మా పాత మేస్త్రీ కూడా అంత స్పష్టంగా ఎన్నడూ చెప్పలేదు. నాకెలా చెప్పాలో ఆయనకి వచ్చు. మొదట్నుంచీ వచ్చు.